తెర మీది చీర రంగు

నేసినవారి ఇంటి నుండి ఒక చీర పార్సెలులో బయలుదేరి, కొన్నాళ్ళకే మరల అదే గడపకు వచ్చి చేరడం ఈ రోజులలో అరుదైన సంగతి కాదు. నేతలో లోపం లేదు, కొలత సరిగానే ఉన్నది. “బొమ్మలో చూచిన రంగు ఇది కాదు” అన్నదొక్కటే కొన్నవారి ఫిర్యాదు. రానుపోను ఖర్చు అమ్మినవారి నెత్తిన పడుతుంది. మడత చెడిన పట్టు మరల మొదటి ధర పలుకదు. ఇందులో అబద్ధమాడినదెవరు? చీర కాదు. కెమెరాను అందరూ అనుమానిస్తారు కాని, ఆ ఛాయాచిత్రాన్ని ఏ ల్యాప్‌టాప్ తెర మీద పెట్టి దిద్దారో ఆ తెరను ప్రశ్నించేవారు తక్కువ. ఈ ప్రసంగంలో దానిని కొంచెం విచారిద్దాం. రంగులను గూర్చి రేడియోలో మాట్లాడడం విడ్డూరమే. అయితే కన్ను చేసే మోసాన్ని చెవితో వినడంలో ఒక సౌకర్యం కూడా ఉన్నది.

తెర మీది రంగులన్నీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు కాంతుల కలయిక వలన పుట్టినవే. ఛాయాచిత్రంలో ఈ సూత్రాన్ని 1861లో లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ ప్రదర్శించి చూపాడు. చిత్రమేమంటే, ఆనాడు బొమ్మ తీసిన వస్తువు పువ్వు కాదు, మనిషి ముఖం కాదు. రంగుల చారలు గల ఒక రిబ్బను, అనగా గుడ్డ పీలిక! మూడు రంగుల వడపోతల గుండా మూడు బొమ్మలు తీసి, మూడింటిని ఒకే తెర మీద కలిపారు. ఆ కాలపు పలకలకు ఎర్రని కాంతి సోకదు. అయినా తెర మీద ఎరుపు కనిపించింది. అది ఎట్లా సాధ్యమైనదో సరిగా నూరేళ్ళకు, 1961లో తేలింది. రిబ్బనులోని ఎర్రని అద్దకం కంటికి కనబడని అతినీలలోహిత కాంతిని కూడా ప్రతిఫలింపజేయగా, పలక దానిని పట్టుకొన్నదట. అద్దకానికి, ఛాయాచిత్రానికి మధ్య తగవు ఆనాటి నుండే ఉన్నదన్నమాట.

ఇక మన ల్యాప్‌టాప్ సంగతి. తెరలోని ప్రతి చుక్కకు మూడు కాంతులు, ఒక్కొక్క కాంతికి 256 మెట్లు. లెక్క కడితే 1 కోటి 67 లక్షలకు పైగా రంగులు. వినడానికి ఘనంగానే ఉన్నది గాని, చవుక తెరలలో పలువాటికి అసలు మెట్లు 64 మాత్రమే. తక్కినవి గబగబా రెపరెపలాడించి కంటిని నమ్మించేవి. మెట్ల సంఖ్య కంటె ముఖ్యమైనది రంగుల విస్తీర్ణం. తెరలకు ఒక ఉమ్మడి కొలబద్దగా ఎస్‌ఆర్‌జీబీ అనే ప్రమాణాన్ని 1996లో ప్రతిపాదించారు. తక్కువ ధర ల్యాప్‌టాపులలో అనేకం ఆ పరిధిలో మూడింట రెండు వంతులైనా చూపలేవు. అట్టి తెర మీద మిరపపండు ఎరుపు ఇటుకరాయి వలె వెలవెలబోతుంది. దిద్దేవారు ‘అయ్యో, రంగు చాలలేదే’ అని మరికొంత ఎక్కిస్తారు. అదే బొమ్మ మంచి ఫోను మీద చూచిన ఇల్లాలికి చీర భగ్గున మండుతున్నట్లు కనిపిస్తుంది.

నేను చెప్పదలచినది ఇదే. తెరలోని దోషం బొమ్మలోనికి తలక్రిందులుగా ప్రవేశిస్తుంది. తెర నీలివైపు మొగ్గితే, దిద్దేవారు తెలియకుండానే బొమ్మకు పసుపు పూస్తారు. తెర మరీ వెలుగుతుంటే బొమ్మను చీకటి చేస్తారు. అచ్చు వేయించినప్పుడు పెండ్లి ఆల్బములు నల్లబడి వచ్చాయని అనుకొనడానికి తరచు కారణం ఇదే. అచ్చువేసినవారి మీద నింద ఊరకే పడుతుంది.

‘కొనేవారి ఫోన్లన్నీ తలా ఒక రంగు చూపుతుండగా, నా ఒక్క తెరను సరిచేసుకొని ప్రయోజనమేమి?’ అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాని వారి తెరల దోషాలు తలా ఒక దిక్కుకు పోతాయి; అమ్మేవారి తెర దోషం మాత్రం ప్రతి బొమ్మలోను ఒకే దిక్కుకు లాగుతుంది. అంగడివాడు తన తూకపురాళ్ళను సరిచూచుకొనేది ఇందుకే గదా!

సరిచూచుకొనడం ఎట్లాగంటే, మొదట గది. కిటికీ వెలుగు సూటిగా తెర మీద పడరాదు. పక్కన ముదురు రంగు గోడ ఉంటే దాని ఛాయ కంటిని పట్టి ఉంచుతుంది. పిమ్మట తెర. రాత్రివేళ కంటికి హాయిగా ఉండుటకై తెరను పచ్చబరచే ఏర్పాటును, గది వెలుగును బట్టి కాంతిని తానే మార్చే ఏర్పాటును, బ్యాటరీ పొదుపుకై తెరను మార్చే ఏర్పాటును ఆపివేయవలె. తెరను వెలిగించి అరగంట అయిన తరువాతనే రంగు పని మొదలుపెట్టడం మంచిది. కాంతి చదరపు మీటరుకు 100 నుండి 120 కాండెలాల మధ్య చాలును. కొలిచే సాధనం లేనివారు తెర మీద ఖాళీ తెల్లపుట తెరచి, పక్కన గది వెలుగులో తెల్లకాగితం పట్టి, రెండూ ఇంచుమించు సమంగా తోచేవరకు తగ్గించవచ్చు.

తెలుపును మాత్రం కంటితో సరిచేయబోవడం వృథాశ్రమ. ఏ తెరను పది నిమిషాలు చూచినా మన కన్ను దానినే తెలుపని ఒప్పుకొంటుంది. అందుకే కలరిమీటర్ అనే చిన్న పరికరం కావలసివచ్చింది. దానిని తెర మీదికి వ్రేలాడదీస్తే, తెర చూపే రంగుల తునకలను ఒక్కొక్కటిగా కొలిచి, ఏ రంగు ఎంత తప్పుతున్నదో లెక్కవేసి, ఆ తప్పును సవరించే ప్రొఫైలు ఒకటి కంప్యూటరులో వ్రాసి ఉంచుతుంది. తెలుపుకు 6500 కెల్విన్‌లు, గామాకు 2.2 అన్న విలువలు ఎంచుకొంటే సాధారణమైన పనికి సరిపోతుంది. దీని ధర వేలలో ఉంటుంది. నెలకొకసారి కొద్ది నిమిషాలే దీని పని. ఒక వీధిలోని నలుగురు కలిసి ఒకటి కొనుక్కొని వంతులవారీగా వాడుకొనడం నాకు తెలివైన పనిగా తోస్తుంది. అయితే పరికరం తప్పును సరిచేయగలదే గాని, తెరలో లేని రంగును పుట్టించలేదు. ఇటుకరాయి తెర ఎంత సరిచేసినా మిరపపండును చూపదు. కొత్త ల్యాప్‌టాప్ కొనేవారు ఎస్‌ఆర్‌జీబీ నూటికి నూరు శాతం ఉన్నదా అని ముందే అడగవలె. ప్రక్కనుండి చూచినా రంగు మారని ఐపీఎస్ తెర అయితే మరీ మంచిది.

పరికరమూ లేదు, కొత్త తెరా లేదు అనుకొనేవారికి కూడా ఒక దారి ఉన్నది: అంకెలు. తెర అబద్ధమాడినా బొమ్మలోని అంకెలు మారవు. చీర పక్కన ఛాయాచిత్రకారులు వాడే బూడిదరంగు అట్ట ఒకటి పెట్టి, అదే వెలుగులో మొదటి బొమ్మ తీయండి. దిద్దే సాధనంలో ఆ అట్ట మీద సూచికను నిలిపితే మూడు అంకెలు కనిపిస్తాయి. మూడూ సమానమైతే బొమ్మలో పచ్చదనం గాని నీలితనం గాని చేరలేదని అర్థం. తేడా ఉంటే సాధనంలోని తెలుపు సవరణతో సమానం చేసి, అదే సవరణను తక్కిన బొమ్మలకు కూడా ఇవ్వవచ్చు. చీర మీద ఎర్రని అంకె 255ను తాకి అక్కడే నిలిచిపోయినదా, ఆ భాగంలో నేత గీతలు మాసిపోతాయి. ఎరుపు, రాణీ రంగు పట్టుచీరలకు ఈ ప్రమాదం ఎక్కువ. అప్పుడు రంగును ఎక్కించడం కాదు, తగ్గించవలె. చివరకు బొమ్మను ఎస్‌ఆర్‌జీబీలోనే దాచి పంపండి. మరింత విశాలమైన అడోబీ ఆర్‌జీబీలో పంపితే, దానిని గుర్తించలేని చోట రంగులు చప్పబడతాయి.

ఇంత చేసినా ఏ తెరకూ లొంగని చీర ఒకటున్నది. అది నెమలికంఠం. పడుగు ఒక రంగు, పేక మరొక రంగు. మడత కదిలితే నీలం, మరల కదిలితే ఆకుపచ్చ. కెమెరా ఆ రెంటిలో ఒక క్షణాన్నే పట్టుకొంటుంది. అట్టి చీరకు రెండు కోణాల నుండి రెండు బొమ్మలు తీసి, పడుగు రంగు ఇది, పేక రంగు ఇది అని క్రింద మాటలలో వ్రాసి పంపవలసి ఉంటుంది.