మాస్టారి ప్రశ్న – నాజ్కా గీతలు

నాకిచ్చింది ఐదు నిమిషాలే, అందుకని నేరుగా విషయానికొస్తాను.

తొమ్మిదో తరగతిలో ఎరిక్ వాన్ డానికెన్ 1968లో రాసిన పుస్తకం సంగతి ఏదో పత్రికలో చదివాను. పెరూ ఎడారిలోని నాజ్కా గీతలు గ్రహాంతరవాసులు దిగడానికి వేసిన రన్‌వేలేనని క్లాసులో లేచి వాదించాను. లెక్కల మాస్టారు తిట్టలేదు. "ఒరే, వాటిని గీసిన మనుషులు నీకేం అపకారం చేశార్రా?" అన్నారు. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ మాట అర్థం కాలేదు.

ఆ నేలంతా తుప్పు రంగు రాళ్లు పరుచుకుని ఉంటాయి. వాటిని ఏరి పక్కన పెడితే లేత రంగు మట్టి బయటపడుతుంది. అదే గీత! చాలాచోట్ల జానెడు లోతు కూడా ఉండదు. వాన దాదాపు పడదు కాబట్టి రెండు వేల ఏళ్లయినా చెరిగిపోలేదు. కోతి బొమ్మ 93 మీటర్లు, సాలీడు 47 మీటర్లు. ఆకాశం నుంచే కనిపిస్తాయన్నదీ నిజం కాదు, పక్కనున్న గుట్టలెక్కితే కొన్ని కనిపిస్తాయి. ఇక రన్‌వే మాట అంటారా, 2018లో ఒక లారీ రోడ్డు వదిలి అక్కడికి పోతే టైర్లు దిగబడి కొన్ని గీతలు పాడయ్యాయి. లారీకే ఆగని నేల అంతరిక్ష నౌకకు ఆగుతుందా?

1982లో జో నికెల్ అనే అమెరికన్ కెంటకీలోని ఒక పొలంలో కొద్దిమంది సాయంతో, మేకులూ తాళ్లూ పట్టుకుని, 134 మీటర్ల కాండోర్ పక్షిని అచ్చం నాజ్కాలో ఉన్నట్టే గీసి చూపించాడు. మరియా రైషె అనే జర్మన్ గణితవేత్త 1940ల నుంచి దశాబ్దాల పాటు చీపురు పట్టి ఆ గీతల్ని ఊడ్చి, కొలిచింది. అది ఖగోళ క్యాలెండర్ అన్న ఆమె వాదన నిలబడలేదు గానీ, కొలతలు నిలబడ్డాయి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో సైటులో ఒక మేస్త్రి తాడుతో మూడు, నాలుగు, ఐదు అడుగులు కొలిచి, మూల చూసుకుని ముగ్గు పోశాడు. నేను థియోడలైట్ పెట్టి, తప్పని నలుగురి ముందు కసిరాను. తీరా చూస్తే పరికరాన్ని సరిగ్గా సెంటర్ చేయనిది నేనే. ఆయన ఒక్క మాట అనకుండా చుట్ట వెలిగించుకున్నాడు. మాస్టారి ప్రశ్న అప్పుడు గుర్తొచ్చింది. చదువురాని వాడికి ఇంత లెక్క ఎక్కడిదని కదా నేను అనుకున్నది!

మాస్టారు ఈరోజు ముందు వరుసలో కూర్చున్నారు. మాస్టారూ, జవాబు చెప్పడానికి నలభై ఏళ్లు పట్టింది. ఏ అపకారమూ చేయలేదండీ.