సీసా మీద రైతు పేరు

(బోధన్‌లో చెరకు రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చెరకు మీటింగుకు పిలిచి వైన్ ముచ్చట ఏందని నవ్వుకోకండి. మొన్న నిజామాబాద్‌లో ఒక పాత మిత్రుని ఇంట్లో నలుగురం కూర్చున్నాం. వాళ్ళబ్బాయి విదేశం నుంచి వస్తూ ఫ్రాన్సు తెల్ల వైన్ ఒక సీసా తెచ్చాడు. లోయర్ నది దగ్గర సాన్సేర్ అనే ఊరిది. స్టీలు గ్లాసుల్లోనే పోసుకున్నాం. తియ్యగా ఉంటుందనుకుంటే చుక్క తీపి లేదు. నిమ్మతొక్క వాసన, పచ్చి మామిడి పులుపు. "పొద్దటి ఈతకల్లే నయం" అన్నాడు మాలో ఒకాయన. మేమూ కాదనలేదు గాని, రెండో గుక్కకు రుచి పట్టుబడింది.

రుచి కంటే సీసా మీది చీటీ దగ్గర ఎక్కువసేపు ఆగాం. అబ్బాయి చదివి చెప్పాడు. ఊరి పేరు, పండించిన కుటుంబం పేరు, వాళ్ళ తోటలోనే సీసాలో నింపినట్టు ఒక ముక్క. ఆ ఊరి పేరు వేసుకోవాలంటే ఆ హద్దుల్లో పండిన ద్రాక్షే వాడాలని 1936 నుంచి అక్కడ నిబంధన.

ఫ్రాన్సు రైతులకు ఇలాంటి రక్షణ ఊరికే రాలేదు. 1907లో ఆ దేశపు దక్షిణాది ద్రాక్ష రైతులు రోడ్డెక్కారు. వ్యాపారులు చక్కెర, నీళ్ళు కలిపి వైన్ పెంచి అమ్ముతుంటే ధర పడిపోయింది. (అక్కడ మన చక్కెరే రైతుకు శత్రువైంది చూడండి!) జూన్ 9న మోంపెలియే పట్టణం లక్షల జనంతో నిండింది. నార్బొన్‌లో సైన్యం కాల్చితే మనుషులు చచ్చిపోయారు. రైతుబిడ్డలున్న 17వ పటాలం తిరగబడింది. ఆ నెలాఖరుకే చట్టం వచ్చింది. వైన్‌లో వాడే చక్కెరకు అదనపు పన్ను పడింది, పంట లెక్క చెప్పడం తప్పనిసరైంది.

ఇక మన సంగతి. మనమూ మందు రైతులమే! టన్ను చెరకు ఆడితే సుమారు క్వింటాలు చక్కెర, నలభై కిలోల పైచిలుకు మొలాసిస్. దాన్ని పులియబెట్టి బట్టీ పెడితే దాదాపు పది లీటర్ల స్పిరిట్. దేశంలో విస్కీ, రమ్ అని అమ్మేదాంట్లో చాలా భాగం ఈ సరుకే. ఏ సీసా మీదన్నా బోధన్, వర్ని పేర్లు చూశారా? పేరు పోనీయండి, పైసలన్నా రావాలి కదా. ఎఫ్‌ఆర్‌పీని చక్కెర రికవరీని బట్టే లెక్కగడతారు. మొలాసిస్, పిప్పి లాంటి వాటి విలువ కూడా కలిపి రైతుకు 70 శాతం ఇవ్వాలని 2012లో రంగరాజన్ కమిటీ చెప్పింది. మన చేతికి వచ్చిందా?

నిజాంసాగర్ నీళ్ళొచ్చాయి, 1937లో నిజాం షుగర్స్ వచ్చింది. 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబర్‌లో మూతబడింది. తెరవాలని అడుగుతూనే ఉన్నాం. తెరిచేనాడు రాసుకునే ఒప్పందంలో మొలాసిస్ వాటా ముందే రాయించుకోవాలి. చెరకు తోలినంక అడిగితే వినేవాడుండడు.

ఖాళీ సీసా మా దగ్గరే ఉంది. వచ్చే మీటింగుకు తెస్తాం, చీటీ మీరూ చూద్దురు గాని.