తప్పు చేతిది కాదు, చలిది

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది సభలో వసంతాన్ని గురించి, కోయిలను గురించి మాట్లాడడం ఆచారం. మేము చలిని గురించి మాట్లాడబోతున్నాము. అందులోనూ చలికాలంలో పొంగని దోసెపిండిని గురించి, తోడుకోని పెరుగును గురించి. వేపపూత రాలుతూ ఎండ చురుక్కుమంటున్న ఈ పూట ఇదేమి ప్రసంగమని మీకు తోచవచ్చును. మమ్మల్ని ఆహ్వానించడానికి వచ్చిన సంఘ సభ్యులొకరు కాఫీ తాగుతూ, "పోయిన పుష్యమాసమంతా మా యింట్లో ఇడ్లీలు రాళ్లేనండీ. అంచెట్టి వైపు మీరు తరతరాలుగా యెట్లా నెట్టుకు వస్తున్నారు?" అని అడిగారు. వారు వేళాకోళంగానే అడిగినా, పక్కన కూర్చున్న వారి శ్రీమతి నవ్వలేదు. ఆమె నవ్వకపోవడం చూచి ఈ విషయాన్నే యెంచుకున్నాము. పైగా ఈ మాటలు సంచికలో అచ్చయి మీ యిళ్లల్లో వుంటవి గనుక, మళ్లీ కార్తీకం వచ్చేనాటికి పనికివస్తవి.

మీలో చాలామంది కృష్ణా, గుంటూరు, నెల్లూరు వైపు నుంచి వచ్చినవారు. హోసూరులో సిప్‌కాట్ పారిశ్రామికవాడ వెలిసిన తరువాత ఉద్యోగాల కోసం వచ్చి యిక్కడ యిళ్లు కట్టుకున్నారు. మా పూర్వులు అంతకు యెన్నో తరాల ముందే ఈ మొరసునాటికి వచ్చి, కొండల నడుమ, అడవి అంచున వున్న అంచెట్టి ప్రాంతంలో రాగిచేలు చేసుకొని బతికారు. మేము పాత వలసవారము, మీరు కొత్త వలసవారు, భేదం అంతే. మా తాతల నాడు మాది సేలం జిల్లా. 1965లో ధర్మపురి జిల్లా అయినది. 2004లో కృష్ణగిరి జిల్లా అయినది. జిల్లా పేరు రెండుసార్లు మారినా మా చలి మాత్రం మారలేదు.

మీరు విడిచి వచ్చిన విజయవాడ, గుంటూరు సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తున వున్న ఊళ్లు. హోసూరు సుమారు 900 మీటర్ల ఎత్తున వున్నది. తళి ప్రాంతాన్ని దొరల కాలంలో చిన్న ఇంగ్లండు అనేవారు. మార్గశిర పుష్యాలలో రాత్రిపూట వేడి 15 డిగ్రీల దాకా, ఒక్కొక్కప్పుడు అంతకన్నా కిందికి కూడా దిగుతుంది. కోస్తాలో రుబ్బిన పిండిని మూతపెట్టి పడుకుంటే తెల్లవారేసరికి అదే పొంగుతుంది. దానికొక ఉపాయం కావాలని అక్కడ యెవరూ అనుకోరు. ఆ అలవాటుతోనే యిక్కడికి వస్తారు. ఇక్కడ పిండి పొంగకపోతే కారణం వెదకడం మొదలవుతుంది. మొదట పప్పును అంటారు, తరువాత బియ్యాన్ని అంటారు, చివరకు రుబ్బిన చేతిని అంటారు.

ఈ చివరి మాటను గురించే మాకు చెప్పవలసినది వున్నది.

మా వదినె నెల్లూరు వైపు నుంచి మార్గశిర మాసంలో మా యింటికి కాపురానికి వచ్చింది. వచ్చిన వారానికి రుబ్బురోట్లో పిండి రుబ్బే పని ఆమెకు అప్పగించారు. మరునాడు పిండి అట్లాగే వున్నది. రెండవసారీ అంతే, మూడవసారీ అంతే. మా అమ్మ మంచి మనిషే. కాని ఆ రోజు వచ్చినవాళ్ల యెదుట, "కొందరి చెయ్యి అంతే, పిండి లేవదు, పెరుగు తోడుకోదు" అన్నది. మేము అక్కడే కూర్చుని వున్నాము. విన్నాము. ఏమీ అనలేదు. ఆ తరువాత పిండి రుబ్బిన ప్రతి రాత్రి వదినె రెండుసార్లు లేచి, దీపం తీసుకొని వెళ్లి గిన్నె మూత తీసి చూసుకునేది. మూత తీసిన ప్రతిసారీ లోపలి వెచ్చదనం కొంత పోతుందని అప్పుడు ఆమెకు తెలియదు, మాకూ తెలియదు.

పదిహేను రోజులు ఇట్లా గడిచిన పిమ్మట మా అవ్వ ఒక సాయంకాలం వంటింట్లోకి వచ్చింది. గిన్నె కిటికీ కింద చప్పట బండ మీద వున్నది. అవ్వ ఆ గిన్నెను యెత్తి, పొయ్యి పక్కన మూలలో, గడ్డితో చుట్టిన చుట్టకుదురు మీద కూర్చోబెట్టింది. పాత కంబళి ఒకటి తెచ్చి నాలుగు మడతలు వేసి చుట్టింది. "పొద్దున దాకా దీన్ని యెవరూ ముట్టవద్దు" అన్నది. తెల్లవారి చూస్తే పిండి పొంగి కంబళి మీదికి వచ్చింది. అవ్వ మా అమ్మ వైపు చూచి, "చెయ్యేం చేస్తుందే, చలి చేసింది గాని" అన్నది. కంబళి ఉతకవలసి వచ్చినందుకు ఆ రోజు యెవరూ విసుక్కోలేదు.

అవ్వ చదువుకోలేదు. ఆమె చెప్పిన మాటను చదువుకున్నవారు కూడా వేరే దారిలో చెప్పారు. పాలు పులియడం కంటికి కనిపించని జీవుల పని అని 1857లోనే పాస్తరు చూపాడు. ఇడ్లీపిండి యెట్లా పొంగుతుందో అమెరికాలో కొందరు శాస్త్రజ్ఞులు పరిశీలించి 1965లో ప్రకటించారు. పిండిని పొంగించే ముఖ్యమైన సూక్ష్మజీవి పేరు ల్యూకోనాస్టాక్. అది మినప్పప్పును, బియ్యాన్ని అంటిపెట్టుకొనే వస్తుంది. నానబెట్టి రుబ్బితే పెరిగి, పులుపునూ వాయువునూ పుట్టిస్తుంది. మినప్పప్పులోని జిగురు ఆ వాయువును పట్టి వుంచుతుంది గనుక పిండి లేస్తుంది. మీరు మినప్పప్పు అనేదాన్ని మేము ఉద్దిపప్పు అంటాము. యే పేరు పెట్టి పిలిచినా ఆ జీవి అందులో వుండనే వుంటుంది. చలిలో అది చావదు. నెమ్మదిస్తుంది, అంతే. 30 డిగ్రీల దగ్గర ఒక రాత్రిలో అయ్యే పని 20 డిగ్రీల దగ్గర ఒక పగలూ ఒక రాత్రీ పట్టవచ్చును. అందుచేత తెల్లవారి పొంగలేదని పిండిని పారబోయకండి. వెచ్చని చోటికి మార్చి సాయంకాలం దాకా ఆగండి.

ఇక పద్ధతి చెపుతాము. కంబళి వేడిని పుట్టించదు. వున్న వేడిని పోనివ్వదు. చల్లని పిండికి కంబళి చుడితే చలినే దాచిపెట్టినట్లు అవుతుంది. కనుక మొదట పిండికి వేడి యివ్వాలి, తరువాత దాన్ని కాపాడాలి. చలికాలంలో పప్పు, బియ్యం గోరువెచ్చని నీటిలో నానబెట్టండి. రుబ్బేటప్పుడు కూడా గోరువెచ్చని నీరే పోయండి. పిండి ముట్టుకుంటే చల్లగా తగలకూడదు, వేడిగానూ తగలకూడదు. 28 నుంచి 32 డిగ్రీల మధ్య వుంటే చాలును. గిన్నెలో సగానికి మించి నింపవద్దు. అడుగున చుట్టకుదురో, చెక్కపీటో, మడిచిన గోనెసంచో వేయండి. బండ నేల గిన్నెలోని వేడిని రాత్రంతా లాగుతూనే వుంటుంది. మా వదినె పిండికి జరిగినది అదే. పైన కంబళి గాని పాత దుప్పటి గాని చుట్టండి. గాలి తగలని మూల చూడండి. కొంచెం పిండి కన్న యెక్కువ పిండి వేడిని నిలుపుకుంటుంది గనుక, రోజూ కాస్త రుబ్బడం కన్న రెండు రోజులకు ఒకసారి రుబ్బడం చలికాలంలో మేలు. ఉప్పు యెక్కువైతే పులియడం నెమ్మదిస్తుంది. పొంగిన తరువాత వేసుకోండి. మా వైపు కొందరు గిన్నెను రాగుల గంపలో మెడ దాకా పాతిపెట్టేవారు. గింజల మధ్య నిలిచిన గాలి కంబళి చేసే పనే చేస్తుంది. మీ యింట్లో రాగుల గంప లేకపోయినా బియ్యం డ్రమ్ము వుంటుంది గదా.

పెరుగు సంగతి వేరు. పెరుగు చేసే జీవులు యింకా యెక్కువ వేడిని కోరుతవి. 40 డిగ్రీల చుట్టుపక్కల వాటికి బాగుంటుంది. కాగిన పాలలో చిటికెనవేలు పెడితే వేడి తెలియాలి, చురుక్కుమనకూడదు. అంతకన్న వేడిగా వుండగా తోడు వేస్తే తోడే చచ్చిపోతుంది. పూర్తిగా చల్లారినాక వేస్తే తెల్లవారినా పాలు పాలుగానే వుంటవి. తోడును ఫ్రిజ్జులోంచి తీసి వెంటనే వేయకండి, కాసేపు బయట పెట్టండి. ఎండాకాలంలో ఒక చెంచా వేసేచోట చలికాలంలో రెండు వేసి బాగా కలపండి. మట్టిచట్టి నీరు చెమర్చి లోపలి పాలను చల్లబరుస్తుంది. వేసవిలో అది గుణం, చలికాలంలో దోషం. ఈ నాలుగు నెలలూ జాడీయో స్టీలు గిన్నెయో వాడండి. థర్మాస్ ఫ్లాస్కులో తోడువేసినా గట్టిగా తోడుకుంటుంది. పెరుగుకు సరిపోయే వేడి పిండికి యెక్కువ. రెండింటినీ ఒకే చోట పెడితే పిండి మితిమీరి పులుస్తుంది.

మా రాగి అంబలికీ ఇదే న్యాయం. రాగిపిండిని నీళ్లలో కలిపి రాత్రంతా పులియనిచ్చి, మరునాడు కాచి, మజ్జిగ కలుపుకొని తాగడం మా అలవాటు. చలికాలంలో ఆ కుండ పొయ్యిగడ్డ దాటి పోయేది కాదు. రాత్రి వంట అయిన తరువాత ఆరిన పొయ్యిలో నివురు చాలాసేపు వెచ్చగా వుంటుంది. దాని పక్కనే కుండకు చోటు. ఇప్పుడు మన వంటిళ్లలో గ్యాసు పొయ్యి వున్నది, నివురు లేదు. కనుక వేడినీళ్లు పోసిన సీసానొకదాన్ని గిన్నె పక్కన పెట్టి రెండింటినీ కలిపి చుట్టవచ్చును.

ఇక్కడ రెండు హెచ్చరికలు. ఒకటి చిన్నది. ఓవెన్‌లోనో అలమరలోనో దీపం వేసి ఆ వెచ్చదనంలో పిండి వుంచే వాడుక విదేశాల్లో వున్న మన పిల్లలకు వున్నది. పాతరకం తీగ బల్బు వేడినిచ్చేది. ఇప్పటి ఎల్‌ఇడి దీపం వెలుగునిస్తుంది గాని ఆ పనికి చాలినంత వేడి యివ్వదు. "అమ్మ చెప్పినట్లే చేశాను, పొంగలేదు" అని ఫోను వస్తే ముందు బల్బు సంగతి అడగండి. రెండవది పెద్దది. పిండి కోసమని గాని, పసిపిల్లల కోసమని గాని బొగ్గుల కుంపటిని తలుపులు మూసిన గదిలో పెట్టుకొని పడుకోకండి. దానినుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇడ్లీ ఒక పూట ఆలస్యమైతే ఉప్మా వున్నది.

పిండి మీద గులాబిరంగో, నల్లని బూజో కనిపించినా, కుళ్లువాసన వచ్చినా పారవేయండి. అది చలి చేసిన ఆలస్యం కాదు, చెడిపోవడమే. పుల్లని వాసన వేరు, కుళ్లువాసన వేరు. ఆ భేదం ముక్కు చెపుతుంది.

ఈ మాత్రం దానికి అంగట్లో పిండి పొట్లం, పెరుగు డబ్బా దొరుకుతవి గదా అనవచ్చును. దొరుకుతవి, కొనుక్కోవడం తప్పు కాదు. ఇద్దరూ ఉద్యోగాలకు పోయే యిళ్లల్లో అది అవసరమే. కాని ఓపిక లేక కొనడం వేరు, "నా చేతికి రాదు" అనుకొని మానుకోవడం వేరు. ఊరు మారి, భాష మారి, బంధువులు దూరమై వచ్చిన ఆడపిల్లకు ముందే యెన్నో దిగుళ్లు వుంటవి. వాటి పైన ఊరి చలి చేసిన తప్పును కూడా ఆమె నెత్తిన వేయడం న్యాయం కాదు. ఈ మాట మేము ఆనాడే మా అమ్మతో అనవలసింది. అనలేదు గనుక ఈ సభలో అంటున్నాము.

మరొక్క చిన్న మనవి. కొత్త ఊళ్లో కాపురం పెట్టినవారు పక్కింటి తలుపు తట్టి మొట్టమొదట అడిగేది కాస్త పెరుగు తోడు. మీరు తోడు అంటారు, సీమలో కొందరు చేమిరి అంటారు, అడిగేది ఒకటే. దీపాలు పెట్టిన తరువాత తోడు యివ్వని యిళ్లు మన వాళ్లలో యింకా వున్నవి గనుక పగలే అడగండి. ఎవరైనా వచ్చి అడిగితే తోడుతో పాటు, "ఇక్కడ చలి జాస్తి, కంబళి చుట్టమ్మా" అన్న మాట కూడా యివ్వండి. తోడు రేపటికి పెరుగవుతుంది. ఆ మాట ఆమెను పదిహేను రాత్రుల మెలకువ నుంచి తప్పిస్తుంది.

మా వదినె ఇప్పుడు పెద్దదైనది. మనుమరాలు పిండి రుబ్బితే గిన్నెకు తానే కంబళి చుడుతుంది. చుట్టి, "పొద్దున దాకా ముట్టవద్దు" అని మా అవ్వ గొంతుతోనే అంటుంది. ఈ యేడు మాత్రం ఒక రాత్రి, ముట్టవద్దన్న ఆమే లేచి మూత తీసి చూసిందట. అలవాటు పోలేదని నవ్వింది. మేము నవ్వలేకపోయాము.

ఈ కొత్త సంవత్సరంలో మీ యిళ్లల్లో పిండి పొంగాలని, పెరుగు గట్టిగా తోడుకోవాలని, పొంగని నాడు కూడా యెవరూ యెవరినీ నొప్పించకుండా వుండాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాము.