కంప్యూటర్‌లో మాట వినబడాలంటే
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



మన సంఘాల్లో సంతకం నేర్చుకున్నోళ్లు చాలామందే. కాగితం చదివి అర్థం చేసుకునేవాళ్లు మాత్రం తక్కువ. చదివిపెట్టే మనిషి ఏది చెబితే అదే నమ్మాల్సి వస్తుంది. చెవితో వినేదానికి ఆ బాధ లేదు. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. వార్తలైనా, వ్యవసాయం మాటలైనా మన పల్లెలు విన్నది రేడియోలోనే. అయితే రేడియో మనకోసం ఆగదు. మిరపకోతలకు పోయి ఇంటికొచ్చేసరికి వార్తలు అయిపోతాయి. ఇప్పుడు ఆకాశవాణి వారి న్యూస్ ఆన్ ఎయిర్ వెబ్‌సైటులో విజయవాడ ప్రాంతీయ వార్తలు ఆడియోగా ఉంటున్నాయి. రాత్రి మీటింగులో ఆఫీసు కంప్యూటర్‌లో పెట్టుకోవచ్చు. ఒక ముక్క అర్థం కాకపోతే వెనక్కి జరిపి మళ్లీ వినొచ్చు. రేడియోని అట్లా తిప్పగలమా?

"సౌండ్ రావట్లేదక్కా, కంప్యూటర్ పాడయింది" అంటుంటారు. చాలాసార్లు ఏమీ పాడవదు. స్పీకర్ వైరు సీపీయూ వెనక ఆకుపచ్చ రంగు బెజ్జంలో ఉందా చూడండి. గులాబీ రంగుది మైకుది, అందులో పెడితే పలకదు. తర్వాత తెర మీద కుడిచేతి పక్క కింద స్పీకర్ బొమ్మ నొక్కితే సౌండ్ ఎటు పోతోందో చూపిస్తుంది. అక్కడ మానిటర్ పేరు ఉంటే స్పీకర్ పేరుకి మార్చాలి. మానిటర్‌కి నోరు లేకపోతే ఎంత పెంచినా అంతే. కొన్ని సైట్లు మనం ప్లే గుర్తు నొక్కిందాకా మాట్లాడవు, అది వాటి పద్ధతి.

ఇక గట్టిగా చెప్పాల్సిన మాట. "మీ ప్లేయర్ పాతదైంది, ఇది డౌన్‌లోడ్ చేయండి" అని తెర మీద ఏదైనా ఊడిపడితే నొక్కొద్దు. ఒకప్పుడు చాలా సైట్లకు ఫ్లాష్ ప్లేయర్ కావాల్సి వచ్చేది నిజమే. 2020 చివరితో అడోబీ వాళ్లు దాన్ని ఆపేశారు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ ఇప్పుడు ఎంపీ3ని వాటంతటవే వినిపిస్తాయి. కాబట్టి ఫ్లాష్ పేరు చెప్పి అడిగేవాడు దొంగే. అదే కంప్యూటర్‌లో మన పొదుపు లెక్కలు, అప్పు లెక్కలు, బ్యాంకు ఖాతా నంబర్లు ఉన్నాయి. దాచుకున్న ఫైలు తెరుచుకోకపోతే వీఎల్‌సీ అనే ప్లేయర్ ఉచితం, దాన్ని కూడా వీడియోల్యాన్ వాళ్ల సొంత సైటు నుంచే తీసుకోవాలి.

తండాల నుంచి వచ్చిన చెల్లెళ్లు నెట్ అందదంటున్నారు. ప్లేయర్ చివర మూడు చుక్కలు ఉంటే అందులో డౌన్‌లోడ్ ఉంటుంది. మామూలు ఎంపీ3 నిమిషానికి సుమారు 1 ఎంబీ. 10 నిమిషాల వార్తలకు 10 ఎంబీ చాలు. ఇక్కడ పెన్‌డ్రైవ్‌లో వేసుకుపోయి అక్కడ వినిపించొచ్చు.

నేను కోరేది ఒకటే. ఈ పని బుక్‌కీపర్ ఒక్కదాని చేతిలో ఉండకూడదు. ఆమె రాకపోతే ఆ రోజు అందరం చెవిటివాళ్లమే. ప్రతి గ్రామ సంఘం నుంచి ఇంకొకరు, చదువు రాని మనిషైనా సరే, నేర్చుకోవాలి. గుర్తులు చూసి నొక్కడమే గదా! స్పీకర్ల ఖర్చు తీర్మానం పుస్తకంలో రాసి గ్రామ సంఘం నిధిలో నుంచి తీయాలి. భోజనాలయ్యాక ఆఫీసు గదిలో కంప్యూటర్ ఆన్‌లోనే ఉంచుతాం, వచ్చి మీ చేత్తో నొక్కి చూడండి.