గిఫ్టు పేరుతో మోసం – మన ఇంటి పెద్దలు

(రోగుల కుటుంబ సభ్యుల కోసం జరిగిన ఆరోగ్య అవగాహన కూటమిలో సిస్టర్ చేసిన ప్రసంగ పాఠం)

మీవారిని వార్డులో పడుకోబెట్టి, క్యారేజీలు చేతిలో పట్టుకునే వచ్చి ఇక్కడ కూర్చున్నందుకు సంతోషం. ఈ కూటమిలో ఎప్పుడూ బి.పి. గురించో, షుగరు గురించో, కాళ్ళ పుండ్ల గురించో చెప్పుకుంటాము. ఈసారి ఫోను మోసాల గురించి మాట్లాడతానంటే, నర్సుకు ఈ సంగతి ఎందుకని ఒకరిద్దరు అడిగారు. ఎందుకో చెబుతాను.

ఆడవారి మెడికల్ వార్డులో ఒక పెద్దావిడ చేరారు. డెబ్బై ఏళ్ళు దాటిన రిటైర్డు టీచరు. భర్త లేరు. వచ్చినప్పుడు బి.పి. 210/110 ఉంది. మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగితే "రోజూ వేసుకుంటున్నానమ్మా" అన్నారు. కూతురు తెచ్చిన మందుల సంచి తీసి చూస్తే ప్రతి మాత్రా సగానికి విరిచి ఉంది. నెలకు సరిపడే మాత్రలు రెండు నెలలు వాడుతున్నారు. పింఛను వచ్చే మనిషి, కూతురు మంచిగా చూసుకునే మనిషి. మరి మాత్రలు ఎందుకు విరిచారు?

రాత్రి డ్యూటీలో రెండు గంటలకు బి.పి. చూస్తుంటే ఆవిడే చెప్పారు. ఫేస్‌బుక్కులో ఇంగ్లండు దేశపు పాస్టరునని ఒకాయన పరిచయమయ్యాడు. ప్రతి ఉదయం ఐదు గంటలకు ప్రార్థన మెసేజీ పంపుతాడు. "తిన్నావా అమ్మా, మోకాలి నొప్పి ఎలా ఉంది" అని అడుగుతాడు. కొన్నాళ్ళకు, విధవరాండ్రకు పంచమని ఒక గిఫ్టు పార్సిలు పంపుతున్నానన్నాడు. అందులో బంగారు గొలుసు, లాప్‌టాపు, కొంత డబ్బు ఉన్నాయని ఫొటోలు కూడా పెట్టాడు. తరువాత ఢిల్లీ ఎయిర్‌పోర్టు కస్టమ్స్ నుండి అని ఒక ఆడమనిషి ఫోను చేసింది. పార్సిలు విడిపించడానికి ముప్పై ఎనిమిది వేలు కట్టమంది. కట్టారు. ఇంకేదో సర్టిఫికెట్టు కావాలని మరో తొంభై వేలు. అదీ కట్టారు. చివరికి గాజులు తాకట్టులోకి వెళ్ళాయి. అంతా చెప్పి ఆవిడ అన్న మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది: "ఆ పార్సిలు రానీ సిస్టర్, అప్పుడు మా అమ్మాయికి అన్నీ ఒకేసారి చెబుతాను."

అప్పటికీ ఆవిడ ఆ పార్సిలు వస్తుందనే నమ్ముతున్నారు. ఈ సంగతి మీరు బాగా గమనించాలి. మోసపోతున్న మనిషికి తాను మోసపోతున్నట్టు తెలియదు. "ఎవరైనా మోసం చేస్తున్నారా?" అని అడిగితే లేదనే చెబుతారు. అది అబద్ధం కాదు.

ఈ పార్సిలు కథ మన రాష్ట్రాలలో చాలా కాలంగా నడుస్తున్నది. మనవంటి విశ్వాసుల కుటుంబాలలో ఇది సులువుగా పారుతుంది, ఎందుకంటే విదేశీ దైవజనులు, సహాయం అనే మాటలు మనకు కొత్త కాదు. ఒక్క విషయం గుర్తుంచుకోండి. కస్టమ్స్ శాఖవారు ఫోను చేసి, ఎవరో వ్యక్తి పేరుమీద ఉన్న ఖాతాలో డబ్బు వేయమని అడగరు. ఆ శాఖ పంపే ఉత్తరాలమీద 2019 నవంబరు నుండి ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య నిజమైనదో కాదో వారి వెబ్‌సైటులోనే చూసుకోవచ్చు.

రెండవది గిఫ్టు కార్డు. ఇది కొందరికి తెలియకపోవచ్చు. గూగుల్ ప్లే, అమెజాన్, ఆపిల్ వంటి కంపెనీల కార్డులు షాపులోనో ఫోనులోనో డబ్బిచ్చి కొనుక్కోవచ్చు. కార్డుమీద గీకితే ఒక నంబరు వస్తుంది. ఆ నంబరు ఎవరికి తెలిస్తే వారే ఆ డబ్బు ఖర్చుపెట్టుకుంటారు. అంటే ఆ నంబరు ఫొటో తీసి పంపడమూ, నోట్ల కట్ట తీసి దారినపోయే మనిషి చేతిలో పెట్టడమూ ఒకటే. అందుకే దొంగలకు ఆ కార్డంటే అంత ఇష్టం. అమెరికాలో పాస్టరుగారి పేరుతో, ఫాదరుగారి పేరుతో సంఘస్థులకు మెసేజీలు పంపి, "రోగులకు ఇవ్వాలి, అర్జంటుగా గిఫ్టు కార్డులు కొని నంబర్లు పంపండి" అని అడిగే మోసం గురించి అక్కడి ప్రభుత్వ సంస్థ ఎఫ్.టి.సి. 2019లోనే హెచ్చరించింది. పిల్లల దగ్గరికి వెళ్ళి ఆరు నెలలు ఉండి వచ్చే మన పెద్దవారు కూడా అక్కడ ఈ వలలో పడవచ్చు. ఇక్కడ కూడా వాట్సాపులో పై అధికారి ఫొటో పెట్టుకొని ఇలాగే అడుగుతున్నారు. పన్ను అయినా, జరిమానా అయినా, కరెంటు బిల్లు అయినా, గిఫ్టు కార్డు రూపంలో తీసుకునే ప్రభుత్వ ఆఫీసు ఏ దేశంలోనూ లేదు.

ఇంకొక మాట చెప్పాలి, మనకు కొంచెం సిగ్గయినా సరే. ఈ వల వేసేవారు ఎక్కడో పరాయి దేశంలోనే ఉంటారనుకోకండి. 2016 అక్టోబరులో ముంబై పక్కన మీరా రోడ్డులో పోలీసులు కొన్ని కాల్ సెంటర్లు పట్టుకున్నారు. అక్కడ కూర్చున్న యువకులు అమెరికా పన్నుల అధికారులమని చెప్పి, అక్కడివారిని బెదిరించి, గిఫ్టు కార్డుల ద్వారా కూడా డబ్బు లాగారు. మన తల్లులకు ఫోను చేసేవాడూ, వేరే దేశపు తల్లికి ఫోను చేసేవాడూ ఒకే పాఠం చదువుకున్నవారు.

మూడవది "డిజిటల్ అరెస్టు". వీడియో కాలులో పోలీసు బట్టలు వేసుకొని కనబడతారు. మీ ఆధార్ నంబరుతో కొరియరులో మత్తుమందు దొరికింది, గది నుండి బయటికి రావద్దు, ఎవరికీ చెప్పవద్దు అంటారు. మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేది లేదు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రిగారు కూడా రేడియోలో ఈ సంగతి చెప్పారు. గుండె జబ్బు ఉన్న పెద్దవారిని ఇలా గంటల తరబడి కూర్చోబెడితే ఏమవుతుందో మీకు వేరుగా చెప్పనక్కరలేదు.

చదువు లేనివారే పడతారని అనుకోవద్దు. హెడ్మాస్టర్లు, బ్యాంకులో పనిచేసి రిటైరయినవారు కూడా పడ్డారు. నేను చూసినంతలో తెలివి తక్కువై కాదు, పలకరించే మనిషి తక్కువై పడుతున్నారు. ఆ దొంగ రోజూ మోకాలి నొప్పి గురించి అడిగాడు. కొడుకు ఆదివారం ఆదివారం ఫోను చేసి "అంతా బాగేనా" అని అడిగి పెట్టేశాడు.

ఇక మీరు గమనించవలసినవి. మందులు పూర్తిగా కొనకపోవడం, ఉన్న మాత్రలు విరుచుకోవడం. మామూలుగా అదుపులో ఉండే బి.పి., షుగరు కారణం లేకుండా పెరగడం. నిద్ర లేకపోవడం. మనం గదిలోకి వెళ్ళగానే ఫోను బోర్లా పెట్టడం. బ్యాంకుకు ఒంటరిగా, ఆత్రంగా వెళ్ళడం. చెవి కమ్మలో, గాజులో కనబడకపోవడం. "ఇంకొన్ని రోజుల్లో మన కష్టాలన్నీ తీరిపోతాయి" అనడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నంత మాత్రాన మోసమే అనుకోనవసరం లేదు. రెండు మూడు కలిస్తే నెమ్మదిగా అడగండి.

ఇక్కడ నర్సుగా ఒక సంగతి గట్టిగా చెబుతాను. డబ్బు లెక్కల్లో తడబడటం మతిమరుపు జబ్బుకు మొదటి గుర్తులలో ఒకటి కావచ్చు. ఎప్పుడూ పైసా పైసా లెక్క చూసుకునే నాన్నగారు ఒకే బిల్లు రెండుసార్లు కడుతున్నారంటే "చాదస్తం" అని వదిలేయకండి. డాక్టరుగారికి చూపించండి. బి.పి.కి నీరు పోయే మాత్రలు వాడేవారికి ఒంట్లో సోడియం తగ్గినా, మూత్రంలో ఇన్‌ఫెక్షను వచ్చినా, షుగరు పడిపోయినా మనిషి అయోమయంలో పడతారు. థైరాయిడు, బి12 లోపం, మనోవేదన కూడా అంతే. ఇవి చాలావరకు వైద్యంతో బాగయ్యేవి. చెవులు సరిగా వినబడనివారు కూడా ఫోనులో అవతలివారు చెప్పినదానికల్లా "ఆఁ, ఆఁ" అంటారు, మళ్ళీ అడగడానికి మొహమాటపడతారు. వినికిడి పరీక్ష చేయించండి.

అడిగే పద్ధతి గురించి. "ఎంత పోయింది?" అనేది మొదటి ప్రశ్న కాకూడదు. కోడలి ముందు, అల్లుడి ముందు, వార్డులో పదిమంది ముందు అడగవద్దు. "నీకు బుద్ధుందా అమ్మా" అని ఒక్కసారి అన్నారంటే, ఇక మిగిలిన సంగతులు మీకు చెప్పరు, ఆ దొంగకే చెప్పుకుంటారు. పక్కన కూర్చోండి. "అమ్మా, ఆ పాస్టరుగారు ఏమంటున్నారు, నాకూ చూపించు" అనండి. మెసేజీలు కలిసి చదవండి. "ఇలాగే మా ఆఫీసులో ఒకాయనకు జరిగిందట" అని వేరేవారి సంగతి ముందు చెబితే వినడం తేలిక. ఆ టీచరమ్మగారి కూతురు వారం రోజులు ఇలాగే ఓపిక పట్టింది. చివరకు ఆవిడే, "ఇదిగో, వీడియోలో ఒక్కసారైనా ముఖం చూపించమంటే చూపించలేదే" అని తనంతట తానే అన్నారు.

మోసమని తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. ఇది దేశమంతటికీ ఒకటే నంబరు. పోయిన డబ్బు ఒక ఖాతా నుండి ఇంకొక ఖాతాకు పరుగెడుతూ ఉంటుంది. మధ్యలో ఎక్కడైనా ఆపగలిగితే ఆ మేరకు తిరిగి దొరికే అవకాశం ఉంటుంది. అందుకే మొదటి గంట చాలా విలువైనది. పక్షవాతం వచ్చినవారిని ఎంత త్వరగా తీసుకురమ్మని చెబుతామో ఇదీ అంతే. తరువాత బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించండి, చెప్పిన సమయం రాసి పెట్టుకోండి. ఓ.టి.పి. మనమే చెప్పినా సరే, బ్యాంకుకు తెలియజేసిన తరువాత పోయే డబ్బుకు బాధ్యత బ్యాంకుదే అని రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన ఆదేశాలలో ఉంది. గిఫ్టు కార్డు అయితే, కార్డూ రసీదూ పారేయకుండా ఆ కార్డు కంపెనీవారికి ఫోను చేయండి. నంబరు ఇంకా వాడకపోతే ఆపమని అడగవచ్చు. కోపంలో మెసేజీలు చెరిపేయవద్దు, అవే సాక్ష్యం.

కొన్నాళ్ళకు "మీ డబ్బు తిరిగి ఇప్పిస్తాం, ఫీజు కట్టండి" అని ఇంకొకరు ఫోను చేస్తారు. లాయరంటారు, సైబర్ ఆఫీసరంటారు. అది కూడా ఆ ముఠావారి పనే. ఒకసారి ఇచ్చినవారి పేర్లు వారి దగ్గర ఉంటాయి.

డబ్బు కంటే నాకు ఎక్కువ భయం ఆ తరువాతి రోజులంటేనే. పెద్దవారికి పరువు పోయిందన్న బాధ చాలా లోతుగా ఉంటుంది. అన్నం మానేస్తారు, మందులు మానేస్తారు. "నేను మీకు భారం" అన్నారంటే, "నేనుండి ఏం లాభం" అన్నారంటే, ఊరికే అన్న మాటగా తీసుకోకండి. ఆ రోజుల్లో ఒంటరిగా వదలవద్దు. ఇంట్లో పురుగుమందు డబ్బాలు ఉంటే తీసివేయండి. మాత్రలు మొత్తం వారి దగ్గర ఉంచకుండా ఏ పూటవి ఆ పూట చేతికివ్వండి. 14416 టెలి మానస్ నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ఏ సంకోచమూ లేకుండా మా క్యాజువాలిటీకి తీసుకురండి, అర్ధరాత్రి అయినా సరే.

ముందు జాగ్రత్తగా ఇంట్లో చేసుకోదగినవి కొన్ని ఉన్నాయి. పింఛను పడే ఖాతాను ఫోనుతో డబ్బు పంపే యాప్‌లకు కలపకుండా, చిన్న మొత్తం ఉండే వేరే ఖాతా కలపండి. యాప్‌లో రోజుకు ఇంతకంటే పోకుండా పరిమితి పెట్టించండి. మనవడి గొంతును పోలినట్టే మాట్లాడించే యంత్రాలు వచ్చాయి కాబట్టి, ఇంటివారికి మాత్రమే తెలిసిన ఒక మాట పెట్టుకోండి. ఒక కుటుంబంవారు పూర్వం తమ ఇంట్లో ఉన్న గేదె పేరు పెట్టుకున్నారు. తాతగారు ఎంత సంతోషించారో!

అయితే ఫోను లాగేసుకోవద్దు. సంఘంలోని స్నేహితులు, పాటలు, మనవలు అన్నీ ఆ ఫోనులోనే ఉన్నాయి. ఇంకొక విషయం, చెప్పక తప్పదు. మోసాల భయం చెప్పి తల్లి పాస్‌బుక్కు, ఏ.టి.యం. కార్డు తమ దగ్గర పెట్టుకొని, ఆవిడ పది రూపాయలకు చేయి చాపేలా చేసే పిల్లలను కూడా వార్డులో చూస్తున్నాము. అది కాపాడటం కాదు. ఆ డబ్బు వారిది. అలాంటి ఇబ్బంది ఉన్న పెద్దవారు 14567 ఎల్డర్ లైనుకు ఫోను చేయవచ్చు, డబ్బు పడదు.

ఇప్పుడు వార్డుకు వెళ్ళాక మీవారి ఫోను ఒకసారి వారి అనుమతితోనే తీసుకొని, 1930 నంబరు పేరుతో సహా ఎక్కించి ఇవ్వండి. అనుమానం ఉన్న మెసేజీ ఏదైనా కనబడితే మధ్యాహ్నం రెండు గంటల తరువాత నర్సుల గదికి రండి, కలిసి చూద్దాం. వచ్చేటప్పుడు మాత్రల సంచి కూడా తీసుకురండి.