జీతం కొనిపెట్టే వ్యవధి



మాది కళ్యాణదుర్గం వైపు పల్లె. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఈ రోజు ఈ కాలేజీలో పట్టాలు అందుకుంటున్న మీకు నాలుగు మంచి మాటలు చెప్పమని నన్ను పిలిచారు. నేను డబ్బు గురించి మాట్లాడదామని వచ్చాను. మీలో కొందరికి ఆఫర్ లెటర్ చేతికొచ్చింది, ఇంకొందరు ఎదురు చూస్తున్నారు. ఎవరి తలలో అయినా ఇప్పుడు తిరుగుతున్న ప్రశ్నలు ఇవే: నెలకు ఎంత వస్తుంది, ఇంటికి ఎంత పంపాలి, నేను ఎక్కడ ఉండాలి. వేదికల మీద ఈ సంగతి ఎత్తడం మర్యాద కాదనుకుంటాం. ఇళ్ళలో మాత్రం పొద్దున లేస్తే ఇదే మాట. కాబట్టి ఇక్కడే మాట్లాడుకుందాం.

ముందే తేల్చి చెప్తున్నాను. మంచి జీతం కోరుకోవడంలో తప్పు లేదు. "డబ్బే ముఖ్యం కాదు" అనేవాళ్ళు మీకు చాలామంది తగులుతారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే చోట, ఆ పడేది కూడా అదనుకు పడని చోట పుట్టినవాళ్ళకు ఆ మాట చెప్పకూడదు. నైరుతి మేఘాన్ని పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్య మేఘం కోస్తాలో కురిసి, మన దాకా వచ్చేసరికి తేలిపోతుంది. రెండు వానలకూ దూరమైన పీఠభూమి మనది. ఇక్కడ తల్లిదండ్రులు పిల్లల్ని చదివించింది గొప్ప కోసం కాదు, నేల మీద భరోసా లేక. ఈ ఊళ్ళో ఆర్ట్స్ కాలేజీ 1916లో, ఇంజనీరింగ్ కాలేజీ 1940లలో వచ్చాయి. అప్పటినుంచీ చేను అమ్మి ఫీజు కట్టిన ఇళ్ళు ఎన్నో. ఆ ఇళ్ళ పిల్లలు జీతం గురించి గట్టిగా అడగాలి, బేరమాడాలి, ఎక్కువ ఇచ్చే చోటికి వెళ్ళాలి.

వెళ్ళాక ఆ జీతం అసలు ఏం కొనిపెడుతుందో తెలుసుకోవాలి. దానికి బుడ్డల పంట సంగతి కొంచెం చెప్పాలి. రైతుల పిల్లలకు తెలిసిందే, పట్నంలో పెరిగినవాళ్ళ కోసం చెప్తున్నాను.

కొర్ర, సజ్జ, జొన్న, ఆరిక పండిన మన చేలు ఒక్కొక్కటే బుడ్డలకు, అంటే వేరుశనగకు, మారాయి. లక్షల హెక్టార్లలో అదే పంట. జూన్‌లోనో జులైలోనో పదును చూసి విత్తుతారు. నెల తిరిగేసరికి పూత. పూతనుంచి ఊడ బయల్దేరి, కిందికి వంగి, నేలలోకి దిగాలి. దిగితేనే కాయ. సరిగ్గా ఆ సమయానికి, ఆగస్టులో, వాన ముఖం చాటేస్తుంది. నేల బిగిసిపోతుంది. ఊడ మట్టి దాకా వచ్చి, మొన లోపలికి పోలేక, పైనే ఎండిపోతుంది. చెట్టు మాత్రం పచ్చగానే ఉంటుంది. రోడ్డు మీద పోయేవాళ్ళకు పంట బాగుందనిపిస్తుంది. మా నాయన చేలోకి దిగి ఒక చెట్టు పీకి, తిరగేసి, వేళ్ళ దగ్గర కాయలు లెక్కపెట్టేవాడు. రెండో మూడో ఉండేవి. రెండో చెట్టు పీకేవాడు కాదు.

ఇది పండని ఏడాది సంగతి. పండిన ఏడాది ఇంకోలా ఉండేది. కాయ కళ్ళంలో కుప్ప పడగానే వ్యాపారి వచ్చేవాడు. గుప్పెడు కాయలు తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, నాలుగు వలిచి, గింజల్ని అరచేతిలో పరిచి చూసేవాడు. "గింజ నిండలేదు" అనేవాడు. ఒక ధర చెప్పేవాడు. అది తక్కువ ధర అని ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కొన్నాళ్ళు ఆగితే మంచి ధర రావచ్చనీ తెలుసు. కానీ విత్తనానికి, ఎరువుకు తెచ్చిన అప్పు నూటికి రెండు రూపాయల వడ్డీ. 3 లక్షల అప్పుకు నెలకు 6,000, ఏడాదికి 72,000. ఆగితే వడ్డీ తినేస్తుంది. ఆ సాయంత్రమే తూకం వేసేవాళ్ళు.

మా నాయనకు మార్కెట్ తెలియక కాదు. నాకంటే బాగా తెలుసు. ఆయన దగ్గర లేనిది వ్యవధి. కరువులో గడ్డి లేక సంతలో ఎద్దుల్ని అడిగిన ధరకు ఇచ్చేసి, వాన పడ్డాక అవే ఎద్దులకు ఎక్కువ పెట్టినవాళ్ళు మీ ఊళ్ళలో ఉన్నారు. మేస్త్రీ ముందే చేతిలో పెట్టిన అడ్వాన్సు తీసుకుని, కూలి ఎంతో కూడా అడక్కుండా బెంగళూరు కట్టడాలకు పోయినవాళ్ళు ఉన్నారు. ఇంకో నెల ఆగితే మంచి ఉద్యోగం వస్తుందని తెలిసీ, ఇంట్లో ఆ నెల గడవదు కాబట్టి వచ్చిన మొదటి ఉద్యోగానికే సంతకం పెట్టిన మీ సీనియర్లు ఉన్నారు. వీళ్ళందరూ నష్టపోయింది ఒకే చోట. ఆగలేకపోయారు.

తేదీ తప్పకుండా వచ్చే జీతం ఇంటికి మొదట ఇచ్చేది ఆగగలిగే బలం. ఈ పీఠభూమి మీద ఇంతకంటే విలువైనది నాకు కనపడలేదు.

ఆ బలం ఇచ్చినవి ఈ నేల మీద ఇంకొన్ని ఉన్నాయి. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లిలో. అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ వచ్చి ప్రారంభించారు. దాని గురించి మాట్లాడేవాళ్ళు కూలి డబ్బుల లెక్కే చెప్తారు. నాకు కనపడేది వేరు. ఊరి దగ్గరే పని దొరుకుతుందన్న ధైర్యం ఉంటే మేస్త్రీతో "ఆలోచించి చెప్తా" అనగలరు. ఆ ఒక్క మాట అనగలగడం చిన్న మార్పు కాదు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ ఇక్కడికి వచ్చి ఆర్డీటీ అనే సేవా సంస్థ మొదలుపెట్టాడు, 2009లో చనిపోయే దాకా ఇక్కడే ఉన్నాడు. బత్తలపల్లి ఆసుపత్రి, పల్లెల్లో ఇళ్ళు, బడులు లేవడానికి స్పెయిన్‌లోని మామూలు కుటుంబాలు నెలనెలా పంపిన చిన్న మొత్తాలు పెద్ద ఆధారం. ఎప్పుడో ఒకసారి వచ్చే పెద్ద విరాళం కంటే ఆగకుండా వచ్చే చిన్న మొత్తం మీద ఎక్కువ పని నిలబడుతుంది. మీ జీతానికీ ఆ గుణమే ఉంది.

ఇప్పుడు కష్టమైన మాటలు. ఆ గుణాన్ని పోగొట్టే పనులు కొన్ని మనం ప్రేమతోనే చేస్తాం.

ఉద్యోగం వచ్చిన ఏడాది తిరక్కముందే ఇంటినుంచి ఫోన్ వస్తుంది. "ఇంకొక్క బోరు పాయింటు చూపిద్దాం" అంటాడు నాయన. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగిన మనిషి, కాయ నిటారుగా లేచిన చోట గీత గీసి పోతాడు. రిగ్గు బండి వస్తుంది. రాత్రంతా తెల్లటి రాతి పొడి లేస్తూ ఉంటుంది. ఇంటిల్లిపాదీ నిద్ర లేకుండా నిలబడి, పొడి తడిగా వస్తుందేమోనని చేత్తో పట్టి చూస్తుంటారు. మన కాళ్ళ కింద ఉన్నది గ్రానైటు, నైస్ రాయి. అందులో నీళ్ళు పగుళ్ళలోనే ఉంటాయి. పగులు తగిలితే నీళ్ళు, లేకపోతే దుమ్ము. ఆరు వందలు, ఎనిమిది వందలు, వెయ్యి అడుగులు పోయినా అంతే. పడిన నీళ్ళు కూడా పక్క చేలో బోరు పడగానే తగ్గిపోవచ్చు. పిల్లల జీతాలు ఈ గుంతల్లోకి పోవడం నేను మా చుట్టుపక్కల చాలా చూశాను.

మీ నాయనను తప్పుపట్టకండి. చీనీ (బత్తాయి) తోట పెట్టినవాడి బాధ వేరు. కాపు కోసం ఏళ్ళ తరబడి పెంచిన చెట్లు కళ్ళముందు ఎండుతుంటే ఎవరూ లెక్కలు వెయ్యరు. అయినా మీరు వెయ్యాలి. ఫోన్‌లో వద్దని చెప్పి పెట్టెయ్యకుండా, రెండు రోజులు ఇంటికి పోయి, చేను గట్టు మీద కూర్చుని మాట్లాడండి. అదే డబ్బుతో పంట కుంట తవ్వించడం, డ్రిప్ వెయ్యడం, తోట కొంత తగ్గించి మిగతాది కాపాడడం, నాలుగు గొర్రెలు కొనడం, ఇవన్నీ పక్కన పెట్టి చూడండి. చివరికి బోరే అని ఆయన అంటే, ఒక్క బోరుకు ఒప్పుకోండి. రెండోదానికి ఒప్పుకోకండి.

ఇక్కడున్న మగపిల్లలకు ఇంకో సంగతి. మీ ప్యాకేజీ అంకె మీకంటే ముందు పెళ్ళిళ్ళ పేరయ్య దగ్గరికి చేరుతుంది. దాన్నిబట్టి కట్నం లెక్క కడతారు. కట్నం 1961 నుంచీ చట్టరీత్యా నేరం. ఆ డబ్బు ఆకాశంనుంచి పడదు. ఇక్కడే ఇంకో పల్లెలో, ఇంకో నాయన, తన పట్టా పుస్తకం బ్యాంకులో పెట్టో, చేను అమ్మో తెస్తాడు. మీ ఇంటికి వ్యవధి తెచ్చిన జీతం ఇంకో ఇంటి వ్యవధిని లాక్కుంటుంది. పెద్దవాళ్ళు ఒప్పుకోరు అనకండి. సంపాదించే కొడుకు గట్టిగా వద్దంటే ఆ మాట నిలబడుతుంది. చెల్లెళ్ళకు చెప్పేది వేరే ఉంది. మీ జీతం పెళ్ళయ్యాక మీ అమ్మానాన్నలకు చెందదని ఎవరైనా అంటే వినకండి. మిమ్మల్ని చదివించిన అప్పు కూడా అప్పే. తీర్చే హక్కు మీకుంది. ఆ మాట పెళ్ళికి ముందే అవతలివాళ్ళకు చెప్పండి.

ఫ్లాట్ గురించి ఎక్కువ చెప్పను. పాతికేళ్ళకే ఇరవై ఏళ్ళ ఈఎంఐకి సంతకం పెట్టినవాడు నచ్చని ఉద్యోగం మానలేడు, ఊరికి రాలేడు. ఇంటికి కొన్న వ్యవధిని తనకు తానే అమ్ముకున్నట్టు. కొన్నేళ్ళు అద్దెకుండండి.

అప్పు తీరాక ఎటు అన్న మాట కూడా చెప్పాలి. మన జిల్లా పేరు పేపర్లో వచ్చే సందర్భాల్లో సత్య నాదెళ్ల ప్రస్తావన ఒకటి. ఆయన తండ్రి యుగంధర్ గారిది యల్లనూరు మండలం బుక్కాపురం. కొడుకు 2014లో మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యాడు. ఆయన జీతం ఎన్ని కోట్లో ఏటా చదువుతుంటాం. తండ్రి 1962 బ్యాచ్ ఐఏఎస్. కేంద్రంలో గ్రామీణాభివృద్ధి శాఖ కార్యదర్శిగా, ముస్సోరీ అకాడమీ డైరెక్టరుగా, ప్రణాళికా సంఘం సభ్యుడిగా పనిచేసి 2019లో కన్నుమూశారు. ఆయన సంగతి ఇక్కడివాళ్ళకే అంతగా తెలియదు. కొడుకు తన పుస్తకంలో ఒక విషయం రాశాడు. చిన్నప్పుడు తన గదిలో తండ్రి కార్ల్ మార్క్స్ బొమ్మ తగిలిస్తే, తల్లి లక్ష్మీదేవి బొమ్మ తగిలించిందట. పిల్లవాడికి కావాల్సింది మాత్రం క్రికెటర్ జయసింహ బొమ్మ. ఆ గోడ నాకు చాలా ఇష్టం. తండ్రి దారి కొడుకు దారి కంటే గొప్పదని నా అభిప్రాయం. కానీ ఇంటి మీద అప్పున్న పిల్లవాడికి ఆ దారిని ముందు చూపించను. ముందు లక్ష్మి, అప్పు తీరాక మార్క్స్. ఆ రెండోది మరిచిపోతే మాత్రం ఒప్పుకోను.

ఎందుకంటే ఈ నేలకు కూడా ఆగగలిగే మనుషులు కావాలి. 1990లో చెన్నేకొత్తపల్లి దగ్గర కొందరు 32 ఎకరాల బీడు కొని, టింబక్టు అని పేరు పెట్టారు. చెట్లు నరకనివ్వలేదు, నిప్పు పడనివ్వలేదు, వాన నీటిని కట్టలతో ఆపారు. మోళ్ళు వాటంతటవే చిగిర్చాయి. పక్క పల్లెల రైతులు కొర్ర, సామలు మళ్ళీ వేసి, సొంత సహకార సంఘం పెట్టుకుని అమ్ముకుంటున్నారు. ఇది ఒక్క ఏడాదిలో లాభం అడిగే డబ్బుతో జరిగే పని కాదు. పెనుకొండ దగ్గర 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి, ఉద్యోగాలు కొన్ని మన దగ్గరికే వచ్చాయి. ఇంకా రావాలి. ఐదేళ్ళకో పదేళ్ళకో మీలో కొందరు జీతం మిగుల్చుకుని వెనక్కి వస్తే, ఈ చేలల్లో ఆగి చెయ్యాల్సిన పని చాలా ఉంది. రాకపోయినా మీ మీద కోపం లేదు. బెంగళూరు మనకు రెండు వందల కిలోమీటర్లు, నాలుగు గంటల ప్రయాణం. అమెరికా అయినా సరే, ఇంటి లెక్క మీ చేతిలో ఉంటే చాలు.

ఈ సాయంత్రం ఒక పని చెయ్యండి. పట్టా గోడకు తగిలించే ముందు మీ అమ్మానాన్నల పక్కన కూర్చుని, ఇంటి మీద ఉన్న అప్పులన్నీ ఒక కాగితం మీద రాయించండి. ఎవరికి ఎంత, ఎంత వడ్డీకి, ఎప్పుడు తెచ్చారు. బంగారం ఎక్కడుంది, పట్టా పుస్తకం ఎక్కడుంది. వాళ్ళు చెప్పడానికి బిడియపడతారు, "నీకెందుకు లేరా, నువ్వు బాగుంటే చాలు" అంటారు. వదలకండి, మళ్ళీ అడగండి. ఎక్కువ వడ్డీ ఉన్న అప్పు పైన రాయండి. మీ మొదటి జీతం దానికి కట్టండి.