పలుచని పొరలో కాంతికి పొడవాటి దారి



సంతలో కాఫీ, మిరియాల లెక్క కట్టే సోలార్ కాలిక్యులేటర్ మన పెదబయలుకు కొత్త కాదు. అంకెల పైన ముదురు గోధుమ రంగు పట్టీ ఒకటి ఉంటుంది. లోపల బ్యాటరీ లేని రకమైతే, పట్టీని బొటనవేలితో మూయగానే అంకెలు మాయం. అందులోని అస్ఫటిక సిలికాన్ (పరమాణువులు క్రమంగా పేర్చుకోని సిలికాన్) పొర మందం మైక్రోమీటరులో సగం కూడా ఉండదు. ఇంటికప్పు మీది ప్యానెల్‌లో స్ఫటిక సిలికాన్ బిళ్లలు అంతకు వందల రెట్లు మందం. పట్టీ నీలం, ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చుకుని ఎరుపును చాలావరకు వదిలేస్తుంది. చూడ్డానికి బాగున్నా, ఆ గోధుమ రంగు చేజారిన కరెంటే.

1976లో అమెరికాలోని ఆర్‌సీఏ ప్రయోగశాలలో కార్ల్‌సన్, రోన్‌స్కీ తయారుచేసిన తొలి అస్ఫటిక సిలికాన్ సెల్ సామర్థ్యం 2.4 శాతమే. పొర మందం పెంచితే పోలేదా? పోదు. ఈ పదార్థంలో పుట్టిన విద్యుదావేశాలు ఎంతో దూరం సాగలేవు. పైగా ఎండ సోకేకొద్దీ లోపాలు పెరుగుతాయని రోన్‌స్కీయే స్టేబ్లర్‌తో కలిసి 1977లో చూపించాడు. పొర మందమైతే ఆ దెబ్బ మరీ గట్టిది.

మందం పెంచకుండా దారి పెంచాలి. పాడేరు ఘాట్ రోడ్డు చేసే పని అదే: కొండ ఎత్తు మారదు, మలుపులతో ప్రయాణం పొడవవుతుంది. సెల్ అడుగున వెండి పూత వేసి, పైతలాన్ని గరుకు చేస్తే కిరణం లోపల ఏటవాలుగా పడుతుంది. సిలికాన్ వక్రీభవన గుణకం సుమారు 3.5. అందుకే లంబానికి 17 డిగ్రీలు దాటి వాలిన కిరణం గాలిలోకి పోలేక వెనక్కి మళ్లుతుంది. ఇలా ప్రయాణం గరిష్ఠంగా సుమారు 50 రెట్లు పెరగొచ్చని ఎలీ యాబ్లనోవిచ్ 1982లో లెక్క తేల్చాడు. అసలు సెల్‌లో అంత రాదు, వెండి కూడా కొంత కాంతిని మింగుతుంది.

గరుకుదనానికీ ఒక హద్దుంది. జర్మనీలోని యూలిష్ పరిశోధకులు సిలికాన్ పొర కింద వేసే జింక్ ఆక్సైడ్ పూతను పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో తినిపించి గుంటలు తెప్పించారు. గుంట అడుగు గుండ్రంగా ఉంటే మేలు. కోసుగా ఉంటే పైన పెరిగే సిలికాన్‌లో పగుళ్లు వచ్చి వోల్టేజీ పడిపోతుంది. కాంతి కోసం ఆరాటపడి కరెంటు పోగొట్టుకోవడమన్నమాట.

పొర ఎలా పెరిగిందో చూసే పరీక్ష మాత్రం మనకు దగ్గరిదే. విశాఖపట్నంలో బడికి, కాలేజీకి వెళ్లిన సి.వి. రామన్ 1928లో కనుగొన్న కాంతి పరిక్షేపణ ప్రభావమే దానికి ఆధారం. వర్ణపటంలో స్ఫటిక సిలికాన్ గీత 520 సెం.మీ⁻¹ దగ్గర, అస్ఫటిక సిలికాన్ ఉబ్బు 480 సెం.మీ⁻¹ దగ్గర కనిపిస్తాయి. రెండింటినీ పోల్చి పొరలో స్ఫటిక భాగమెంతో, అస్ఫటిక భాగమెంతో చెబుతారు.

మార్కెట్లో పలుచని సిలికాన్ ఓడిపోయింది. 2010 తర్వాత స్ఫటిక సిలికాన్ ప్యానెళ్ల ధర పడిపోవడంతో చాలా ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. అయినా ఆ పరిశోధన వృథా కాలేదు. ఖర్చు తగ్గించుకోవడానికి బిళ్లలనే పలుచన చేస్తున్న ఈ రోజుల్లో, కాంతిని లోపల తిప్పే విద్య అందరికీ కావలసివచ్చింది. స్ఫటిక బిళ్ల మీద అస్ఫటిక సిలికాన్ పూసే హెటెరోజంక్షన్ సెల్స్‌లో అది నానోమీటర్ల మందాన మళ్లీ కొలువుదీరింది.

పట్టా పుచ్చుకుని కొండ దిగుతున్న భౌతికశాస్త్ర విద్యార్థులకు ఒక విన్నపం. ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా ఇక్కడి మబ్బు వెలుగులో ప్యానెల్ ఎంత కరెంటు ఇస్తుందో మల్టీమీటర్‌తో కొలిచి, పుస్తకంలో రాసి, కాలేజీకి ఇవ్వండి.